మట్టి ఆవుకు పెట్టిన మేత

ఆకలిగొన్న కడుపు నింపితే పుణ్యమంటారు. నేను ఒక ఆవు కడుపు నింపి పదకొండు బొమ్మల ప్రాణం తీశాను. నేను చెబుతుంటే రాస్తున్న మా మనవరాలు అప్పుడే పకపకా నవ్వుతోంది. ముందు రాయవే, నవ్వడానికి ఇంకా చాలా ఉంది.

మా ఆయన పోయాక రెండేళ్లు నేను గడప దాటిందే తక్కువ. నాతో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు, పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు. అప్పుడు కెలవరపల్లి దారిలో, మట్టి బొమ్మలు నేర్పే షెడ్డులో ఊడ్చే పని దొరికింది. అక్కడి మునిరాజు మాస్టరు ఒకరోజు నా చీపురు లాక్కుని చేతిలో మట్టిముద్ద పెట్టాడు.

"కూర్చోమ్మా. పేడ పిసికిన చేతులివి, ఊరికే ఉండవు."

అక్కడ నేర్చుకునేవాళ్లు గట్టిగా నవ్వేవాళ్లు. నన్ను కూడా వెక్కిరించేవాళ్లు. ఆ వెక్కిరింత నాకు రాగిముద్దలో నెయ్యిలా ఉండేది.

నేను ఆవును చేశాను. కొమ్ములు సొరకాయల్లా వచ్చాయి కానీ మూతి మాత్రం అచ్చం మేము అమ్ముకున్న గౌరిదే. మాస్టరు దాన్ని దారంతో రెండుగా కోసి, లోపలి మట్టంతా చెంచాతో తోడేసి, మళ్లీ అతికించాడు. అడుగున ఒక బెజ్జం కూడా పెట్టాడు.

"ఏమప్పా, కడుపు కోసేస్తివే!"

"లోపల బోలుగా ఉండల్లమ్మా. లోపల తడిమట్టి ఉంటే బట్టీలో పేలిపోతాది."

విన్నాను. తల కూడా ఊపాను. తల ఊపడానికి ఏం ఖర్చు!

బొమ్మలన్నీ బాగా ఎండాయి. కాల్చే రోజు పొద్దున్నే ఊడుస్తూ నా ఆవును తట్టాను. డొల్ల! మా ఇంట్లో మేత వేయకుండా ఆవును కొట్టం దాటించిన పాపాన పోలేదు. సంతలో గౌరిని అమ్మిన రోజు కూడా ముందు మేపి, తర్వాతే పలుపు చేతికిచ్చాం. ఈ పిచ్చిది నిప్పుల్లోకి ఖాళీ కడుపుతో పోవాలా? అడగనిదే అమ్మయినా పెట్టదంటారు; నేను మట్టి ఆవుకు అడగకుండానే పెట్టాను. ఆ బెజ్జంలోంచి పచ్చగడ్డి, తడిమట్టి కూరి కూరి, త్రేన్పు వస్తుందేమో అన్నంత దాకా మేపాను.

కరెంటు బట్టీ వేసి రెండు గంటలు కాలేదు. ఢాం!

చల్లారాక తలుపు తీస్తే లోపల కురుక్షేత్రం. బ్యాంకులో పనిచేసే సుజాత మూడు వారాలు కూర్చుని చేసిన చిలకల జంటలో ఒక ముక్కు మిగిలింది. మాస్టరు పెంకుల్లోంచి సగం మాడిన గడ్డిపోచ ఎత్తాడు.

"ఈ గడ్డి యాడనుంచి వచ్చె?"

రేపటినుంచి మళ్లీ ఆ గొంతు తగ్గించే మనుషుల మధ్యకే పోవాలి కదా!

"ఎలుకేమోప్పా..."

"ఎలుక ఆవును మేపుతుందా అక్కా?" అంది సుజాత.

"నేనేనమ్మా మేపింది. ఆకలితో పోతాదని పెట్టినాను. తప్పయిపాయె."

సుజాత పెదవులు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను.

"మరి నా చిలకలకు ఒక్క జామకాయన్నా పెట్టలేదేమక్కా?"

మాస్టరు నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డాడు. తర్వాత లేచి నా చేతిలో మళ్లీ మట్టిముద్ద పెట్టి, "ఆమె చిలకలు నువ్వే చేసియ్యల్ల, కూర్చో" అన్నాడు. తిట్టే హక్కున్నవాళ్లు నవ్వడం ఎంత పెద్ద దానమో తిట్లకు సిద్ధపడి నిలబడినవాళ్లకే తెలుస్తుంది. వాళ్ల కడుపు చల్లగుండ!

ఆ తర్వాత నేను చేసిన ప్రతి బొమ్మనూ సుజాత తిరగేసి బెజ్జంలోకి తొంగి చూసేది.

"ఏమక్కా, తినిందా?"

"లేదు తల్లీ, ఒక్కపొద్దు."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈ చేతి మట్టి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: మా ఇంటికి వచ్చినవాళ్లనెవరినీ ఆకలితో పంపను. బట్టీకి పోయేవాళ్లు మాత్రం నన్ను క్షమించాలి.