షవర్ రూములో వీల్‌చైర్లు

2023 సెప్టెంబరు. కెనడాలో, ఒంటారియోలోని లండన్ అనే ఊళ్లో, ఒక పెద్ద ఆసుపత్రిలో పేషెంట్ ఫ్లో కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. పేరు ఘనంగా ఉన్నా పని మాత్రం సూటిగానే ఉంటుంది. నయమైన రోగి వేళకి ఇంటికి వెళ్తేనే కింద ఎమర్జెన్సీలో ఎదురుచూస్తున్న రోగికి మంచం దొరుకుతుంది. ఈ రాకపోకలు ఎక్కడా ఆగకుండా చూడడం నా పని. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి, ఇక్కడికొచ్చాక లైసెన్సు పరీక్షల చుట్టూ కొన్నాళ్లు తిరిగి, చివరికి ఈ ఉద్యోగంలో కుదురుకున్నాను.

ఆ ఏడాదే మా ఆసుపత్రి నన్ను సిస్టమ్స్ థింకింగ్ అనే పోస్ట్‌గ్రాడ్యుయేట్ కోర్సులో అప్రెంటిస్‌గా చేర్పించింది. వారంలో కొంత చదువు, మిగతాది ఉద్యోగం. ఒక చిక్కు ఎదురైనప్పుడు దాన్ని విడిగా కాకుండా, దానితో ఏమేం ముడిపడి ఉన్నాయో కలిపి చూడడమే సిస్టమ్స్ థింకింగ్. అత్తాకోడళ్లు గొడవపడితే తప్పెవరిదని తీర్పు చెప్పే ముందు వంటగది ఎంత ఇరుకో చూడమంటుందన్న మాట. కోర్సు పూర్తి కావాలంటే పనిచేసే చోటే ఒక మెరుగుదల ప్రాజెక్టు రూపొందించి, నడిపి చూపించాలి.

ప్రాజెక్టు కోసం నేను వెతుక్కోనక్కర్లేకుండా డెనీస్ ఎదురైంది. డెనీస్ మా పోర్టర్. రోగులను స్కానింగ్‌కి తీసుకెళ్లడం, డిశ్చార్జ్ అయినవాళ్లను వీల్‌చైర్‌లో కింద గేటు దాకా దింపడం ఆమె పని. యాభై దాటిన మనిషి, నోరూ కాళ్లూ రెండూ చురుకు. సాయంత్రాలు ఆడపిల్లల ఐస్ హాకీ జట్టుకి కోచ్‌గా ఉంటుంది. అలాంటి మనిషి ఆ ఉదయం కాఫీ మెషీన్ దగ్గర ముఖం మాడ్చుకుని నిలబడింది.

"ఏమైంది డెనీస్?"

"డిశ్చార్జ్‌లు ఆలస్యమవుతున్నాయని మళ్లీ కంప్లయింట్. నేను నెమ్మదట! క్రిస్మస్‌లోపు మారకపోతే సాయంత్రం షిఫ్ట్‌లో వేస్తానంది మేనేజర్. అప్పుడిక జట్టుని వదులుకోవాల్సిందే, లలితా. ఈ సీజన్‌లో నా పిల్లలు ఫైనల్స్‌కి వెళ్లేలా ఉన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. డెనీస్ నెమ్మదైతే మేమంతా నత్తలమే. ఇదే నా ప్రాజెక్టు అని అక్కడికక్కడే నిశ్చయించుకుని, మర్నాటి నుంచి ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాను.

డిశ్చార్జ్ కబురు రాగానే డెనీస్ వీల్‌చైర్ కోసం లాబీలో చూసేది. ఉండేది కాదు. రెండో అంతస్తులో అడిగితే లేదనేవారు. మూడో అంతస్తులోనూ అదే మాట. అలా చెప్పిన నర్సు వెనకే, కర్టెన్ కింద నుంచి చక్రాలు కనిపిస్తూ ఉండేవి. ప్రతి వార్డూ దాచేస్తోంది! ఈ విద్యలో అందరినీ మించిన మనిషి ఐదో అంతస్తు చార్జ్ నర్స్ కొలీన్. అంటే ఆ వార్డుకి పెద్ద దిక్కు. రోగుల షవర్ రూము తలుపు తీసి చూద్దును కదా, లోపల గోడ నుంచి గోడ దాకా వీల్‌చైర్లే.

"అలా చూడకు," అంది కొలీన్, ఏమాత్రం తొణక్కుండా. "నా రోగులకి కావాల్సినప్పుడు ఎక్కడా దొరకవు. అందుకే దాస్తున్నాను. నా చోట నువ్వుంటే దాచవా?"

"దాస్తాను," అన్నాను. అబద్ధం ఆడడమెందుకు?

దొరకవని దాస్తారు, దాచేకొద్దీ దొరకవు, దొరకనికొద్దీ ఇంకా దాస్తారు. మా కోర్సులో దీన్ని రీఇన్‌ఫోర్సింగ్ లూప్ అంటారు, తనను తానే పెంచుకుంటూ పోయే చక్రం అన్న మాట. రోగం పట్టుకున్నాను. వైద్యం దగ్గరే బోల్తా పడ్డాను.

ఏం చేయను, పుట్టి పెరిగిన ఇంటి అలవాటు అలాంటిది. మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసు మీద కూడా అమ్మ పేరు చెక్కి ఉంటుంది. పేరున్న గిన్నె ఏ ఇంటికి వెళ్లినా తిరిగొస్తుందని నమ్మే జాతి మనది. అదే నమ్మకంతో ఆసుపత్రిలోని ప్రతి వీల్‌చైర్‌కీ వార్డు పేరున్న రేకు బిగించే పథకం వేశాను. మేనేజర్‌కి తెగ నచ్చింది. అక్టోబరు మొదట్లో రేకులన్నీ తళతళలాడుతూ వచ్చేశాయి.

అంతవరకు కాస్త బెరుకుగా దాచినవాళ్లు ఇక హక్కుగా దాచడం మొదలుపెట్టారు. "ఇది మాది, పేరు చూడు" అనడం నేర్చుకున్నారు. రెండో అంతస్తు రోగి ఎదురుచూస్తుంటే పక్కనే ఖాళీగా ఉన్న నాలుగో అంతస్తు వీల్‌చైర్‌ని ముట్టుకోవడానికి లేదు. రోగిని గేటు దగ్గర దింపాక డెనీస్ ఖాళీ వీల్‌చైర్‌ని మళ్లీ దాని సొంతగూటికి చేర్చి రావాలి. ఆలస్యం పెరిగింది. ఇంకో కంప్లయింట్ వచ్చింది.

"లలితా, నీ సాయానికి చాలా థాంక్స్," అంది డెనీస్. "ఇంక చేయకు."

నవ్వుతూనే అంది గాని నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

నవంబరులో మా తెలుగు అసోసియేషన్ కార్తీక వనభోజనాలు పెట్టింది. బయట చలికి చెట్టూ చేమా అన్నీ మోడులై ఉంటాయి కాబట్టి మా వనం ఒక కమ్యూనిటీ సెంటర్ హాలు. భోజనాలు సగంలో ఉండగానే "నా పులిహోర గిన్నె ఏదండీ", "నా మూత ఎవరు తీశారు" అంటూ వంటగది దగ్గర హడావుడి మొదలైంది. ఎవరి పేరున్న గిన్నెకి వాళ్లే కాపలా. అసోసియేషన్ గుండిగలు మాత్రం ఏ పేరూ లేకుండా, కాపలా లేకుండా, ఓ మూల నిశ్చింతగా ఉన్నాయి. వాటి బాధ్యత సరోజిని ఆంటీది. రిటైరైన మత్తు డాక్టరు, గుంటూరు మనిషి.

"ఇవి ఎవరూ పట్టుకుపోరా ఆంటీ?" అని అడిగాను.

"ఎందుకు పట్టుకుపోతారే అమ్మాయ్? మా గరాజులో ఉంటాయని అందరికీ తెలుసుగా. ఎప్పుడొచ్చి అడిగినా లేవన్నానా నేను? అడగ్గానే దొరికేదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటారు, చోటు దండగ!"

మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వార్డులవాళ్లు దాస్తున్నది వీల్‌చైర్లు తక్కువై కాదు, రేపు దొరుకుతాయన్న నమ్మకం లేక. నేను బిగించాల్సింది రేకులు కాదు, ఆ నమ్మకం. సోమవారం పొద్దున్నే స్క్రూడ్రైవర్ పట్టుకుని రేకులు ఊడదీయడం మొదలుపెట్టాను. అన్ని వార్డులకీ ఉమ్మడిగా వీల్‌చైర్లు ఉంచడానికి లాబీలో లిఫ్టుల పక్కన ఒక స్థలం ఎంచి, నేరుగా కొలీన్ దగ్గరకు వెళ్లాను.

"అన్నీ ఇవ్వమనను, సగం ఇవ్వు చాలు. రెండు వారాల పైలట్, అంటే చిన్నపాటి ప్రయోగం. ఎప్పుడు కావాలన్నా ఫోన్ చెయ్యి. నీ కాఫీ చల్లారేలోపు వీల్‌చైర్ రాకపోతే, అన్నీ తెచ్చి నీ షవర్ రూములో నేనే పెడతాను."

కొలీన్ పగలబడి నవ్వింది. "దాచడానికి నువ్వే సాయం చేస్తావా?"

"తాళం కూడా నేనే వేస్తాను."

సగం ఇచ్చింది, అవీ కీచుమనే చక్రాలవే. ఇక మొదలైంది పరీక్ష. కావాల్సినప్పుడూ ఫోన్ చేసింది, అక్కర్లేనప్పుడూ చేసింది. ఓసారి డెనీస్ పరుగున తీసుకెళ్తే, "రోగి ఎవరూ లేరు, వస్తారో రారో చూశాను" అంది. డెనీస్ పళ్లు బిగించి నవ్వి వచ్చింది. నేను, ఇద్దరు వాలంటీర్లు గేటు దగ్గరా పార్కింగ్‌లోనూ జనం వదిలేసిన వీల్‌చైర్లను ఏరి తెచ్చి లాబీలో నింపుతూ ఉన్నాం. మిగతా వార్డులు కూడా ఒకటీ అరా ఇచ్చి, మా తిప్పలు చూస్తూ కూర్చున్నాయి.

రెండో వారంలో పెద్ద మంచు పడింది. రోడ్లు మూసుకుపోకముందే తమవాళ్లను తీసుకెళ్లాలని కుటుంబాలన్నీ ఒకేసారి వచ్చాయి. చూస్తుండగానే లాబీలో ఒక్క వీల్‌చైర్ కూడా మిగల్లేదు. సరిగ్గా అప్పుడే ఐదో అంతస్తు నుంచి ఫోన్ మోగింది. డెనీస్ నా వైపు చూసింది, నేను డెనీస్ వైపు చూశాను. ఆమె షిఫ్ట్, ఆమె జట్టు, నా ప్రాజెక్టు అన్నీ మునిగిపోయాయనుకుంటూ ఎత్తాను.

"లిఫ్ట్ దగ్గర నిలబడండి," అంది కొలీన్. "షవర్ రూము ఖాళీ చేయిస్తున్నాను. నా రోగులు స్నానాలు చేయాలి."

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. నిండా వీల్‌చైర్లు. వాటిని తోస్తూ కొలీన్ స్వయంగా దిగింది. డెనీస్ ఆమెను వాటేసుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ ఆగలేదు. ఆ కబురు తెలిసి, క్రిస్మస్ వచ్చేలోపు మిగతా వార్డులు కూడా ఒక్కొక్కటిగా కర్టెన్లు తెరిచాయి. వీల్‌చైర్లు చాలడం లేదని కొత్తవి కొనాలనుకుంటున్న మేనేజర్ ఆ ఆలోచనను తనంతట తనే విరమించుకుంది.

సెలవులకు ముందు రోజు మేనేజర్ డెనీస్‌ని పిలిచి, పొద్దుటి షిఫ్ట్‌లోనే ఉండమని చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను.

"చాలా వేగం పెంచావు డెనీస్. ఎలా సాధ్యమైంది?"

"నా నడక ఎప్పుడూ ఇంతే," అంది డెనీస్. "ఇప్పుడు వెతుక్కునే పని లేదు."

కోర్సు చివర రాసిన పెద్ద రిపోర్టులో కూడా నేను అంతకన్నా బాగా చెప్పలేకపోయాను. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఫలానా మనిషి నెమ్మది అంటే, నేను వెంటనే ఏమీ అనను. బూట్లు బిగించుకుని, ఆ మనిషి వెంట ఒక రోజు నడిచి వస్తాను.