బతికున్నట్టు రుజువు

సరోజినమ్మకు ఆ ఫోనంటే ఒళ్లు మంట. అనంతపురం జిల్లాలో ఓ మండల కార్యాలయంలో ముప్ఫై ఒక్కేళ్లు గుమాస్తాగిరీ చేసిన మనిషి ఆమె. ఇప్పుడు సింగపూరులోని టాంపినీస్‌లో, తొమ్మిదో అంతస్తులో, కూతురి దగ్గర ఉంటోంది. పింఛను ఆగకూడదంటే ఏటా నవంబరులో తాను బతికే ఉన్నానని సర్కారుకు రుజువు చూపించాలి. ఈసారి ఆ ముచ్చటేదో ఫోన్లోనే తీర్చుకోవచ్చట. గడువు ఇంకా రెండు రోజులే.

కూతురు నిఖిల ఉద్యోగం సైన్స్ పార్క్‌లో. పేద దేశాల జనం సర్కారువారి ఫోను సేవలను ఎందుకు నమ్మరో అధ్యయనం చేయడం ఆమె పని. ముక్కూ మొహం తెలియని వాళ్లను గంటలకొద్దీ ఓపిగ్గా ప్రశ్నలడిగే ఆ మహాతల్లికి, కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని తొందర.

“అమ్మా, జస్ట్ కళ్లు ఆర్పు. ట్రైన్ మిస్సవుతా.”

ఆర్పింది. ముఖం సరిపోలలేదంది ఫోను. కిటికీ దగ్గర, లైటు కింద, కళ్లజోడు తీసి, ఆరుసార్లు చూపించినా అదే మాట. పదేళ్ల కిందటి ఆధార్ ఫొటోలో ఆమెకు పళ్లున్నాయి. ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయాయి.

“బుగ్గలు కొంచెం ఉబ్బించు” అంది నిఖిల.

“థూ! బతికుండేదాన్ని బతికుండానని చెప్పేకి దీని ముందర బుగ్గలు ఉబ్బించల్లా? పారెయ్ దాన్ని!”

“మీలాంటోళ్ల వల్లే ఏ యాప్ పెట్టినా ఫెయిలవుతోంది. ట్రస్టే లేదు మీకు!”

“ఆరుసార్లు మొగం చూపిస్తి కదే. నమ్మనిది నేనా, అదా?”

నిఖిల ఫోను బల్ల మీద పెట్టేసింది.

అంత కోపంలోనూ సరోజినమ్మకు ఓబులమ్మ గుర్తొచ్చింది. వృద్ధాప్య పింఛను జాబితాలో పొరపాటున చనిపోయినట్టు రాసిన మనిషి. ఎండలో ఆరు మైళ్లు నడిచి మండల కార్యాలయానికొచ్చి, సరోజినమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “ఇదో, బతికే ఉండా కదమ్మా, చూడు” అంది. సరోజినమ్మ చూడలేదు. రిజిస్టరు మీద వేలు పెట్టి, “దీంట్లో లేవు, పో” అంది. ఆ ముఖం ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత తలచుకున్నా తట్టడం లేదు.

నిఖిల కాస్త తగ్గింది. “సర్లే, రేపు లీవ్ పెడతా. మన హైకమిషన్‌కి పోదాం. అక్కడి ఆఫీసరు నిన్ను చూసి సంతకం పెడతాడు.”

“ఆయప్పన్నా తలెత్తి చూస్తాడా?” అంది సరోజినమ్మ.