ధ్రువం చుట్టూ తిరిగొచ్చే శుక్రవారం

ఔలిక్కి రెమెస్‌కు ఆకాశంలో ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు ఉంది. నేల మీద ఆమెకున్న ఆస్తల్లా శుక్రవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా. హెల్సింకీ పక్కనున్న వాంటాలోని మా అపార్ట్‌మెంటు మొత్తానికి కింద ఒకటే సౌనా, అంటే పొయ్యి మీద రాళ్లు కాచి ఆవిరి పట్టుకునే గది. ఇంటికి వారానికో గంట. శుక్రవారం ఆరు గంటల వేళ దొరకాలంటే ఎవరైనా ఇల్లు మారాలి, లేదా లోకమే మారాలి. ఆమె పదకొండేళ్లు కాచుకుంది. ఆ జాబితా రాసే గురుతర బాధ్యత నాది కనుక నాకు తెలుసు.

ఆమె టోక్యో విమానంలో ఎయిర్‌హోస్టెస్. ఒకప్పుడు అక్కణ్నుంచి హెల్సింకీకి ఏడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు, తొమ్మిదిన్నర గంటలు. యుద్ధం వచ్చి పొరుగు దేశం తన ఆకాశానికి తలుపు వేసుకున్నాక విమానం ఉత్తర ధ్రువం మీదుగా చుట్టి రావలసి వచ్చింది: పన్నెండు వేల పైచిలుకు, పదమూడు గంటలు. పటంలో అదొక వంకర గీత. మా భవనంలో రాజ్యాంగ సంక్షోభం. మధ్యాహ్నం రెండింటికి దిగే మనిషి ఐదున్నరకు దిగుతోంది. బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి ఏడు కావస్తోంది.

ఏడాదిలో మూడుసార్లు పొయ్యి చల్లగా వదిలేస్తే ఆ గంట తర్వాతి పేరుకు పోతుందని మా నియమం. ఆమెకు రెండు అయిపోయాయి. తర్వాతి పేరు మూడో అంతస్తులోని పెంటీ హర్యుది. రిటైరైన సర్వేయరు, దూరాలంటే ప్రాణం.

ఆ నవంబరు శుక్రవారం ఆరింటికే అతను తువ్వాలు భుజాన వేసుకుని సౌనా ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఫోనులో ఆమె విమానం జాడ చూస్తున్నాడు.

"దిగింది. పద్నాలుగు నిమిషాలు ఆలస్యం. ఎదురుగాలి" అన్నాడు.

"సంతోషమా?" అన్నాను.

"ఛ, నేను కొలుస్తున్నానంతే."

ఆరూ యాభైకి ఔలిక్కి యూనిఫాంతోనే, చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చింది. పెంటీని చూసి, "ఏం, శవయాత్రకొచ్చావా?" అంది.

"ఇంకా పది నిమిషాలుంది, వెళ్లు" అన్నాడతను, తువ్వాలు వెనక దాచుకుంటూ.

ఏడైంది. లోపల రాళ్ల మీద నీళ్లు చల్లిన చప్పుడు లేదు. తలుపు కొట్టాను, పలకలేదు. తీసి చూస్తే బట్టలు మార్చుకునే గదిలో, ఒక కాలి బూటు విప్పి చేత్తో పట్టుకుని, గోడకు ఒరిగి నిద్రపోతోంది. పొయ్యి ముట్టించనే లేదు.

"ఇది లెక్కలోకొస్తుందా?" కళ్లు తెరవకుండానే అడిగింది.

నియమావళిలో నిద్ర ప్రస్తావన లేదు. నేను జాబితా తెరిచాను.

"వదిలెయ్, నా పేరు కొట్టేసెయ్. ఉన్న గంటల్లో ఏది ఖాళీ?"

"మంగళవారం ఉదయం ఏడు. భవనం కట్టినప్పట్నుంచీ ఎవరూ అడగలేదు."

"రాసెయ్. పొద్దున్నో సాయంత్రమో నా ఒంటికి తెలిసి చాలాకాలమైంది."

పెంటీకి కోరుకున్నది దక్కింది. మొహంలో మాత్రం ఆ ఆనవాలు లేదు. "పోనీ, నెలకో శుక్రవారం..." అని ఏదో మొదలుపెట్టాడు.

"పెంటీ, ముందు లిఫ్టు పిలువు" అందామె, బూటు తొడుక్కోకుండానే లేస్తూ.

అతను పెట్టె అందుకున్నాడు. నేను పేర్లు మార్చి రాసి, తారీఖు వేశాను.