ముందు చక్రం తనంతట తాను తిరిగిన పూట

మొన్న మా మేనల్లుడు కొత్తగా కొన్న బండిలో నన్ను నరసరావుపేట నుండి గురజాలకు తీసుకొని వెళుతుండగా, గేరు కడ్డీ పక్కన ఉండవలసిన రెండవ కడ్డీ ఏదని అడిగాను. అతడు నవ్వి ఒక గుండ్రని మీటను చూపించి, ఎప్పుడు రెండు చక్రాలతో లాగాలో, ఎప్పుడు నాలుగింటితో లాగాలో బండే చూసుకుంటుందని చెప్పాడు. ఆ రెండవ కడ్డీ విషయంలో ఒకప్పుడు నేను చేసిన పొరపాటు అంత సులభంగా మరచిపోగలిగేది కాదు.

పశువైద్యునిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో మా శాఖ నాకు ఒక పాత డీజిలు పికప్పు బండిని అప్పగించింది. సోమవారం ఇంజను ఆయిలు చూడడం, బుధవారం డీజిలు ఫిల్టరులో చేరిన నీరు వదలడం, శనివారం చక్రాలకు గ్రీజు పట్టించడం అని నేను ఒక పట్టిక వ్రాసి గోడకు అతికించాను. నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన మా డ్రైవరు ఆ పట్టికను ఒక్కనాడైనా తప్పలేదు. ఒకసారి వానాకాలంలో నల్లరేగడి డొంకలో ఆయన ఆ రెండవ కడ్డీ లాగి నాలుగు చక్రాల ఫోర్‌వీల్ గేరు వేయడంలో ఆలస్యం చేయగా, బండి ఇరుసుల దాకా దిగబడింది. తిరిగి వచ్చిన వెంటనే నేను లాగ్‌బుక్కులో ఎర్ర సిరాతో, ఫోర్‌వీల్ గేరు ఎల్లవేళలా వేసి ఉంచవలెనని ఆజ్ఞ వ్రాసి సంతకం చేశాను. ప్రభుత్వం నాలుగు చక్రాలకు బలమిచ్చి ఉండగా రెండింటితో సరిపుచ్చుకోవడం నాకు అలసత్వంగా తోచింది.

వానలు తగ్గిన తరువాత, ఆజ్ఞ అమలులోకి వచ్చిన రెండు వారాలకు, మాచర్ల అవతలి పల్లెల్లో గాలికుంటు సోకిందని కబురు వచ్చింది. ఇంకా సోకని పశువుల కోసం నరసరావుపేటలో టీకా సీసాలను ఐసుపెట్టెలో సర్దుకొని బయలుదేరాము. ఐసు కరిగితే ఆ మందు ఇక ఎందుకూ పనికిరాదు. మాచర్ల పొలిమేరకు వచ్చేసరికి స్టీరింగు బిగుసుకుపోయింది, టైర్లు రోడ్డును గీరుతున్నట్లు అరవసాగాయి. డ్రైవరు రెండు చేతులతో లాగినా ఆ కడ్డీ వెనక్కు రాలేదు. ఇంకొంచెం నడిపితే లోపల ఏదో ఒకటి విరుగుద్దని చెప్పి ఆయన బండి ఆపేశాడు. పెట్టె మూత తీసి చూస్తే ఐసు అప్పటికే సగమైంది.

ఆయన వెళ్లి దగ్గరలోని షెడ్డు నుండి ఒక ముసలి మేస్త్రిని పిలుచుకొని వచ్చాడు. మతాలు వేరైనా డ్రైవరు ఆయనను మామా అనే పిలిచేవాడు. గేరుపెట్టె విప్పాలంటే రోజంతా పడుతుందని నేను మనసులోనే నిశ్చయించుకొని చెమటలు తుడుచుకుంటున్నాను. మేస్త్రి మాత్రం ఒక్క పానా అయినా తీయక, బండి చుట్టూ తిరిగి టైర్లు తడిమి, డ్రైవరు వైపు చూశాడు.

“తారురోడ్డు మీద ఫోర్‌వీల్ ఏందిరా అల్లుడా? తెలవనోడివా నువ్వు?”

“సారు రాశారు మామా. రాసినాక నేనేం జేస్తా?”

“రాసింది చక్రాలకు తెలవదు గదరా.”

మేస్త్రి ఇంజను ఆపించి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టించి, ముందు ఇరుసు కింద జాకీ అమర్చి, అందరినీ దూరంగా నిలబెట్టి మెల్లగా లేపాడు. టైరు నేలను విడిచిన క్షణాన, ఆగిపోయిన ఆ బండిలో, ఎవరూ ముట్టని ఆ చక్రం ఒక్క కుదుపుతో తనంతట తాను సగం చుట్టు తిరిగి నిలిచింది. మేస్త్రి రెండు వేళ్లతో లాగగానే కడ్డీ వెనక్కు వచ్చింది.

మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయనీ, బురదలో అయితే జారి ఆ తేడాను వదిలించుకుంటాయనీ, గట్టి రోడ్డు మీద జారలేక ఆ మెలిక అంతా లోపలి ఇనుప కడ్డీలలో పేరుకుంటుందనీ ఆయన విడమరచి చెప్పాడు. పుస్తకాలు ఎన్నో చదివిన నేను, ఇనుము అంత బాధను చప్పుడు లేకుండా దాచుకోగలదని ఆనాడే కళ్లారా చూశాను.

పల్లె చేరేసరికి పెట్టెలో పిడికెడు ఐసు మిగిలి ఉంది; మందు చెడలేదు. ఆ సాయంత్రం లాగ్‌బుక్కు తెరిచి నా ఆజ్ఞను అదే ఎర్ర సిరాతో కొట్టివేసి, కింద సంతకం చేశాను. తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని డ్రైవరును అడిగితే, ఆయన స్టీరింగు తిప్పి తిప్పి వాచిన మణికట్టును నిమురుకుంటూ నిదానంగా అన్నాడు.

“మీరు అడగలా సారూ.”

నేటి బండి ఎవరూ అడగకముందే తన ప్రతి నొప్పినీ డాష్‌బోర్డు మీద వెలిగించి చూపుతుంది. ఆనాటి ఇనుమూ, ఆనాటి మనిషీ అలా చెప్పుకొనేవారు కారు. వారి బరువు తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు వంగి, వారిని నేల మీద నుండి కాస్త పైకి లేపవలసి వచ్చేది.