నేను చదవని నాలుగు వరుసలు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందుగదిలో ఎవరూ ఊరికే వేలిముద్ర వేసేవారు కాదు. అది మా తాతయ్య వకీలు ఆఫీసు. అక్కడ కాగితం మొత్తం పైకి చదివి వినిపించాలి. విన్న మనిషి దాన్ని తన సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. అలా చెప్పాకే సిరా డబ్బా మూత తీయాలి. పొలం అమ్ముకునే రైతుకైనా, ఫ్యాక్టరీ మేనేజరుకైనా ఇదే పద్ధతి. "ఆ వకీలు సాబ్ కాడికి పోతే సంతకం ఉండదు, పరీక్షే" అని సంగారెడ్డిలో కొందరు నవ్వుకునేవారట.

నాకు ఆయాసం ఉండేది. వారంలో సగం రోజులు బడికి వెళ్ళలేకపోతుంటే చివరికి ఇంట్లోనే చదివించారు. నాన్న పొద్దున్నే కోర్టుకు వెళ్ళిపోయేవారు. కోర్టు మానేసి ఇంటిపట్టున దస్తావేజులు చూసుకునే తాతయ్యే నాకు గురువు. కిరాయి కాగితాలు, అమ్మకం పత్రాలు నాకు వాచకాలు. ఊపిరి కాస్త తక్కువ ఇచ్చినా, దేవుడు దానికి బదులు నాకు ఆ గదిని ఇచ్చాడని ఇప్పటికీ అనుకుంటాను.

నాకు పదేళ్ళున్నప్పుడు తాతయ్యకు కంటి ఆపరేషను అయింది. నెలరోజులు అక్షరం చూడకూడదన్నారు. నల్ల కళ్ళద్దాలతో కుర్చీలో కూర్చుని ఆయన వినేవారు, నేను చదివేదాన్ని. ఇంటికి వచ్చినవాళ్ళు "చిన్న వకీలమ్మ" అని పిలుస్తుంటే నాకు నేల మీద కాలు నిలిచేది కాదు.

పటాన్‌చెరు చుట్టుపక్కల జొన్నచేలలో ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న కాలమది. ఒక శుక్రవారం సాయంత్రం చిట్కుల్ నుంచి ఒక అవ్వ వచ్చింది. తన పొలాన్ని పక్కనే షెడ్డు వేస్తున్న కంపెనీకి అమ్ముతోంది. బావి, దాని పక్కనున్న కూరగాయల మడి మాత్రం తనకే ఉండాలని ముందే ఒప్పందం. భర్త పోయిన నాటినుంచి ఆ మడిలో పండే తోటకూర, వంకాయలే ఆమెకు అన్నం పెడుతున్నాయి. ఆ ఒప్పందం ప్రకారమే రాసిన చిత్తుప్రతిని తాతయ్య ఆపరేషనుకు ముందే చూసి సరేనన్నారు. ఆ రోజు కంపెనీ అధికారి దాన్ని స్టాంపు కాగితాల మీద టైపు చేయించి తెచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మర్యాదస్తుడాయన.

నా మనసు మాత్రం ఆ గదిలో లేదు. చదవడం అయిపోగానే నాయనమ్మ నన్ను ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ దర్శనానికి తీసుకెళ్తానంది. ఆమె అప్పటికే కొబ్బరికాయ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నేను గబగబా చదివాను. హద్దుల దగ్గరికి వచ్చేసరికి, తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, ఏ దస్తావేజులోనైనా ఉండేవే కదా అనిపించింది. ఆ నాలుగు వరుసలూ వదిలేసి కింది పేరా ఎత్తుకున్నాను.

"ఇగ నువ్వు చెప్పక్కా" అన్నారు తాతయ్య.

అవ్వ గొంతు సవరించుకుంది. "నా పొలం కంపెనీకి ఇస్తున్న. ఇగ దాని మీద నాకు గాని, నా కొడుకులకు గాని హక్కు లేదు. నా బాయి, నా మడి నాకే ఉంటయి. గంతే గద సారూ?"

అధికారి గడియారం చూసుకున్నారు. "మా వైపు ఇంతసేపట్లో పెళ్ళిచూపులూ తాంబూలాలూ కూడా అయిపోతాయండీ, లాయరు గారూ" అంటూ నవ్వి, సిరా డబ్బా మూత తనే తీసి అవ్వ ముందుకు జరిపారు.

"పెండ్లయినంక లొల్లి కావద్దు గద సార్" అని తాతయ్య నావైపు తిరిగారు. "హద్దులు నా చెవిన పడలే బిడ్డా. చదివినవా?"

"చదివిన తాతయ్యా" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకూ అప్పటిదాకా తెలియదు.

నేను మరో మాట అనేలోపే అవ్వ అందుకుంది. "సదివింది సారూ, నేను ఇన్న. సక్కగ సదివింది. పసిపిల్లను పరేషాన్ జెయ్యకు." అంటూనే బొటనవేలు సిరాలో అద్దేసింది.

తాతయ్య కాగితం మీద అరచెయ్యి ఆనించి ఉంచారు. "కండ్లెట్లాగూ కట్టేసిండ్రు. ఇప్పుడు చెవులు గూడ మోసం జేస్తున్నయి. ముసలోని కోసం జెర హద్దుల కాడికెళ్ళి మళ్ళా చదువు బిడ్డా."

ఆ చెవులకు ఏ లోపమూ లేదు. వెనక గదిలో నేను లెక్క తప్పు చెబితే ముందుగదిలోంచి సరిదిద్దే మనిషి ఆయన. చేసేదేమీ లేక మొదలుపెట్టాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం. నాలుగో వరుస చివర ఉన్నది కూడా పైకి చదివాను. "పై నాలుగు హద్దుల నడుమ గల భూమి, అందులోని బావి, మడి, చెట్లతో సహా."

అవ్వ సిరా అంటిన వేలిని గాలిలోనే ఆపేసింది. "ఏంది సారూ, నా బాయి గూడ పోతున్నదా?" అంది. అప్పటిదాకా నవ్వుతున్న ఆమె ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది.

అధికారి కాగితం లాక్కుని చూసి కంగారుపడ్డారు. "అయ్యయ్యో, మావాడు పాత పత్రం చూసి హద్దులు టైపు చేసినట్టున్నాడండీ. తప్పు మాదే. మళ్ళీ టైపు చేయించి తెస్తాను." అవ్వ వేలిని కొంగుకు గట్టిగా తుడుచుకుంది, మూడు నాలుగుసార్లు.

ఆమె అరుగు మీద చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వెళ్ళాను. నాయనమ్మ పిలుస్తూనే ఉంది. "అవ్వా, నేను చదవలే. అబద్ధం చెప్పిన" అన్నాను. ఆపైన ఏడుపు ఆగలేదు.

"నాకెరుకే బిడ్డా. దిక్కులు సదువుతరని నాకు తెల్వదా? నువ్వు సదవలే. తాత కొడ్తడేమో అనుకున్న."

"మరి నీ బాయి?"

ఆమె నా తల మీద చెయ్యి వేసింది. "గా హద్దులల్ల నాకు కీడు జేసేది ఉంటే నువ్వు ఇడిసిపెడ్తవా అనుకున్న."

ఆ మాట అన్నాక ఆమె రోడ్డు వైపు నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజు నేను గుడికి వెళ్ళలేదు. తాతయ్య నన్ను తిట్టలేదు. తరవాతెప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

సోమవారం కొత్త కాగితం వచ్చింది. ఒక్కో హద్దూ చదివి ఆగాను. అవ్వ లేచి నిలబడి, ముందుగదిలోనే చిట్కుల్ ఉన్నట్టు, ఒక్కో దిక్కుకూ చెయ్యి చాపి చూపిస్తూ తిరిగి చెప్పింది. బావి తనదేనని రాసిన వరుసను నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆ తరవాతే వేలు సిరాలో పెట్టింది.

ఇప్పుడు ఆ ఆఫీసును మా తమ్ముడి కూతురు నడుపుతోంది. బొల్లారం ఫ్యాక్టరీల షిఫ్టులకు వెళ్ళే కార్మికులూ వస్తారు, చిన్న చిన్న యూనిట్ల యజమానులూ వస్తారు. ఒంట్లో బాగున్న రోజు నేనూ వెళ్ళి కాగితాలు చదివి వినిపిస్తాను. వినేవాళ్ళలో చాలామంది త్వరగా తల ఊపుతారు. అర్థమై కొందరు, పెద్దావిడ ఇంత ఓపికగా చదువుతోంది కదా, కష్టపెట్టడం దేనికని కొందరు. ఈ రెండో రకాన్ని నేను గుర్తుపడతాను. అక్కడ ఆగి, విన్నది తిరిగి చెప్పమంటాను. నామీద ఉన్న దయకొద్దీ ఎవరూ ఏదీ పోగొట్టుకోకూడదు.

అవ్వ పేరు ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. దస్తావేజులో చదివాను కాబట్టి తెలుసు. పొద్దున దీపం వెలిగించి మావాళ్ళందరి పేర్లూ అమ్మవారికి చెప్పుకునేటప్పుడు, తాతయ్య పేరు తరవాత ఆ పేరు చెప్పుకుంటాను.