ఏడున్నరకు పత్తెం

ఆ రోజుల్లో డాక్టరు ముఖం చూసి చెప్పలేనివన్నీ మేము పోస్టులో చెప్పుకునేవాళ్ళం. మేము చదివే తెలుగు వారపత్రికలో ఒక డాక్టరుగారి శీర్షిక ఉండేది. సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు జతచేస్తే ఆయన విడిగా కూడా జవాబిచ్చేవారు. మడివాళలో మా ఇంటికి నాలుగు గడపల అవతలే ఒక డాక్టరు ఉన్నాడు. అయినా నడిచి వెళ్ళి చూడగలిగిన ఆయన కంటే, ఎక్కడో ఆంధ్రలో ఉన్న, ఎన్నడూ చూడని ఈయన మీదే నాకు గురి. అచ్చులో కనిపించే మనిషి తప్పు చెప్పడని నా నమ్మకం. (ఇప్పుడు నేనే అచ్చులో కనిపిస్తున్నాను కాబట్టి ఆ నమ్మకం కొంచెం సడలింది.)

పెళ్ళయిన రెండో ఏడు నా భార్య చిక్కిపోవడం మొదలుపెట్టింది. మాలూరు నుంచి కాపురానికి వచ్చినప్పుడు బిగుతుగా ఉన్న గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నీళ్ళ బిందె దించి గోడ పట్టుకుని నిలబడుతోంది. అడిగితే "ఏమీ లేదు" అంటుంది. ఇంట్లో అమ్మ, నా తమ్ముళ్ళిద్దరు, మేమిద్దరం. అమ్మకు తోచిన వైద్యం ఒకటే. "దాన్ని మాలూరుకు పంపిచ్చప్పా. వాళ్ళమ్మ చూసుకుంటాది. బాగైనాంక వస్తాది." ఆ 'బాగైనాంక' అనే మాటంటే నాకు భయం. మా పెద్దమ్మ కోడల్ని అలాగే పంపించారు. మూడేళ్ళయినా ఆ అమ్మాయి బాగైందని ఎవరూ ఒప్పుకోలేదు, మా అన్న వెళ్ళి తీసుకురానూ లేదు. వీధి డాక్టరుకు చూపిస్తే జబ్బు ఉందని మేమే చాటుకున్నట్టు. ఆమెను పంపించి ఈ ఇంట్లో నేనుండలేను, ఆ మాట అమ్మతో అనే ధైర్యమూ లేదు. ధైర్యం లేని మగవాడికి పోస్టాఫీసు ఉండనే ఉంది కదా.

బొమ్మసంద్రలో మా ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కూర్చుని నాలుగు పేజీలు రాశాను. మొదటి పేజీలో నా చదువు, ఉద్యోగం. రెండో పేజీలో నా గ్యాస్ ట్రబుల్. మూడో పేజీ నిండా ఆ గ్యాసు వల్ల ఆఫీసర్ల ముందు నేను పడే ఇబ్బంది. నా భార్య నాలుగో పేజీ మధ్యలో ప్రవేశించి రెండు వాక్యాలలో నిష్క్రమించింది: ఏడున్నరకు మా నలుగురికీ దోసెలు పోసి వడ్డిస్తుంది, ఈమధ్య చిక్కిపోతోంది. పది రోజులకు జవాబు వచ్చింది. "మీ గ్యాసుకు అల్లం వాడండి. మీ శ్రీమతి గురించి మీకు తెలిసింది తక్కువగా కనబడుతోంది. జతపరచిన పట్టికను వారం రోజులు గమనించి నింపి పంపండి." పట్టికలో గడులు: లేచిన వేళ, తిన్న వేళ, తిన్నదేమిటి, ఎంత, పగలు కూర్చున్నది ఎంతసేపు.

పట్టికలు నింపడంలో నన్ను మించినవాడు లేడు. నా ఉద్యోగమే అది. మెషీన్ల మీద తయారైన కడ్డీలను గంటగంటకూ కొలిచి కొలత రాయాలి. (రాయాల్సింది గంటగంటకూ. రాసేది శనివారం సాయంత్రం, వారానికి సరిపడా ఒకే ఊపులో. కొలత ఎంత ఉండాలో ముందే తెలిసినప్పుడు కొలవడమెందుకు?) ఆ అలవాటునే ఇంటికీ వాడాను. లేచింది ఐదింటికి, ఏడున్నరకు అందరితోపాటు నాలుగు దోసెలు, ఒంటిగంటకు రాగిముద్ద, దాంట్లోకి సారు, మజ్జిగ, కూర్చున్నది మూడు గంటలు. ఏడు రోజులు, ఏడు వరసలు, ఒక్క కొట్టివేత లేదు. కంపెనీ బస్సు హోసూరు రోడ్డెక్కేలోపు పూర్తిచేసి, నా దస్తూరిని నేనే మెచ్చుకుని పోస్టు డబ్బాలో వేశాను.

పట్టిక ఎర్ర సిరాతో తిరిగి వచ్చింది. "ఏడున్నరకు మీ నలుగురికీ దోసెలు పోసి వడ్డించేది మీ శ్రీమతేనని మొదటి ఉత్తరంలో రాశారు. అదే ఏడున్నరకు మీతోపాటు ఆమె కూడా తింటున్నారా? ఆమెకు చేతులెన్ని? ఒక రోజు ఇంట్లో కూర్చుని, చూసి రాయండి."

సెలవు పెట్టాను. "ఏమప్పా, కంపెనీలో ఏమన్నా గలాటా అయిందా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. పేపరు అడ్డం పెట్టుకుని, దాని వెనక పాత పట్టికా, కొత్తగా గీసుకున్నదీ దాచుకుని, వంటింటి వైపు తిరిగి కూర్చున్నాను. ఏడున్నరకు ఆమె దోసెలు పోస్తోంది. తమ్ముళ్ళు తిని లేచారు, అమ్మ తిన్నది. నేను తింటూ, ఆమె ఎప్పుడు తింటుందా అని కనిపెట్టి చూస్తున్నాను. చూస్తూ చూస్తూ, "ఇంకోటి వెయ్" అన్నాను. తెచ్చి వేసింది. పిండి గిన్నె కడిగి బోర్లించింది. అది ఆఖరి దోసె అని గిన్నె బోర్లించాక గానీ తెలియలేదు. ఆమె ఏం తింటుందో చూడడానికి సెలవు పెట్టినవాణ్ణి, ఆమె తినాల్సిన దోసె నేనే తిన్నాను. 'తిన్నదేమిటి' అన్న గడిలో కాఫీ అని రాశాను. సిగ్గేసింది.

మధ్యాహ్నం మూడింటికి పొయ్యి పక్కన నిలబడి, మిగిలిన ముద్దలో ఏదో తెల్లగా కలుపుకుని తిన్నది. మజ్జిగ అని రాశాను. కూర్చున్నదెంతసేపు? బియ్యంలో రాళ్ళు ఏరడానికి కూర్చుంది. అది లెక్కలోకి వస్తుందా రాదా అని ఆలోచిస్తుంటే వెనక నుంచి ఆమె గొంతు.

"పొద్దుట్నించీ అట్ల చూస్తా ఉండారు, ఏమి రాసేది?"

దాచేలోపే లాక్కుంది. ఎర్ర సిరా చదివింది, నా ఏడు వరసలూ చదివింది. కోపమొస్తుందనుకున్నాను, ఏడుస్తుందేమో అని కూడా భయపడ్డాను. ఆమె నా చేతిలో పెన్ను తీసుకుని, కొత్త పట్టికలో 'మజ్జిగ' కొట్టేసింది. పక్కన 'నీళ్ళు' అని రాసింది.

"మజ్జిగ మీ చిన్న తమ్ముడు తాగేసినాడు," అంది. "రాసేది రాస్తే సరిగ్గా రాయండి."

ఆ రెండో పట్టికకు వచ్చిన జవాబు డాక్టరుగారి పేరు అచ్చువేసిన కాగితం మీద, ముద్రతో సహా ఉంది. "ఔషధము అవసరం లేదు. పథ్యము: ఆరు వారాల పాటు రోగి ఉదయం ఏడున్నరకు అందరికన్నా ముందు కూర్చుని తినవలెను. ఆ తరువాతనే భర్త తినవలెను."

కోడలు ముందు తినాలని నేను చెప్పి ఉంటే ఆ రోజే ఇల్లు రెండు వాటాలయ్యేది. కానీ ఇది పథ్యం, అందులోనూ ముద్ర ఉంది. అమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మేమంతా కడాన తిన్నోళ్ళమే. మాకేమైంది?" అని అడిగింది. ఎముకల మీద చర్మంలాంటి అమ్మ ముంజేతి వైపు చూశాను. కాగితం మడిచి తనే అంది, "పత్తెమంటే పత్తెమే. డాక్టరు చెప్పినాంక చేయల్ల కదా." మర్నాటి నుంచి ఏడున్నరయితే అమ్మే కేకేసేది, "ఏమ్మే, నీ పత్తెం టైమైంది, కూర్చో." మాలూరు మాట మళ్ళీ ఎత్తలేదు. నేను పీట మీద ఆకలితో కూర్చుని నా వంతు కోసం చూసేవాణ్ణి. అప్పుడు తెలిసింది, దోసె కాలడానికి ఎంతసేపు పడుతుందో. నెల తిరిగేసరికి గాజులు మణికట్టు దగ్గరే ఆగాయి.

ఆరు వారాలయ్యాక అమ్మ అడిగింది, "ముగిసిందా పత్తెం?" నా భార్య తల వంచుకుని, "నిలిపేయమని డాక్టరు ఇంకా రాయలేదత్తా," అంది. రాయాలంటే ముందు నేను ఆయనకు రాయాలి. నేను రాయలేదు. నా జీవితంలో నేను చేసిన ధైర్యమైన పని అదొక్కటే, అది కూడా ఏమీ చేయకపోవడమే.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంట్లో పత్తెం మాత్రం ఇంకా నడుస్తోంది. మొన్న మా కోడలి ముందు, "ఆ కాలంలోనే మీ అత్తను ముందు కూర్చోబెట్టి తినిపించినవాణ్ణి" అని కొంచెం గొప్పలు పోయాను. నా భార్య లేచింది. లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి ఒక కాగితం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ముద్ర ఉన్నది కాదు. బస్సులో నింపిన మొదటిది. ఏడు రోజులు, ఏడున్నర, నాలుగు దోసెలు. ఇన్నేళ్ళయినా సిరా చెదరలేదు. నా దస్తూరి నిజంగానే చాలా బాగుంది.