తలుపు తీసే ఉంచిన మెషీన్స్ ల్యాబు

ఆ కాలేజీలో ఆవిడని అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. జీతం కాగితంలో తప్ప ఆ పేరుకి పెద్దగా పనుండేది కాదు. విద్యార్థులకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ, ఆఖరికి ఇంటి కింద మందుల షాపు నడిపే భర్తకి కూడా ఆవిడ ‘మోటారు మేడమే’. ఎవరైనా ఆవిడ కోసం షాపుకొస్తే, "మా మోటారు మేడమ్ ఇంకా కాలేజీ నుంచి రాలేదండీ. ఏ యంత్రానికి జ్వరమొచ్చిందో ఏమో" అనేవాడాయన, మాత్రలు కవర్లో వేస్తూ.

రిటైరయ్యాక, మధ్యాహ్నం భోజనం చేసి కాస్త నడుం వాల్చితే చాలు, ఆవిడకి ఆ ల్యాబు కళ్లకి కట్టేది. పొడుగాటి గది. ఎత్తైన కిటికీలు. నేలకి బోల్టులతో బిగించిన పచ్చరంగు యంత్రాలు. వేడెక్కిన వార్నిష్ వాసన, దాంతోపాటు కాస్త గ్రీజు వాసన. మూలన బల్ల దగ్గర కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని ఫ్యూజు తీగలు కత్తిరించుకునే ల్యాబ్ అసిస్టెంటు. ఆయన్ని అందరూ ‘ఫ్యూజుల బాబాయి’ అనేవాళ్లు. పిల్లలు కాల్చిపారేసే ప్రతి ఫ్యూజూ తన సొంత ఆస్తిలోంచి పోయినట్టు బాధపడేవాడు మరి.

నిజానికి ఆవిడ పవర్ ఇంజనీరింగులోకి కోరి రాలేదు. లెక్కలు చదవాలని ఉండేది. ఇంట్లోవాళ్లు ఇంజనీరింగు అన్నారు, వచ్చిన మార్కులకి దక్కిన సీటు అది. ఆ రోజు ఇంటికొచ్చిన అక్క మొగుడు కుర్చీలో వెనక్కి వాలి, "ఆడపిల్ల కరెంటు స్తంభాలెక్కుతుందా అత్తయ్యా?" అని పెదవి విరిచాడు.

కూరగాయలు తరుగుతున్న తల్లి తలెత్తకుండానే, "ఎక్కితే ఎక్కనీ నాయనా. నీలాగా మాటిమాటికీ కింద పడకుండా ఉంటే చాలు" అంది.

అప్పటికి అల్లుడుగారు కొత్త స్కూటరు మీంచి పడి మోచేతికి కట్టుతో ఉన్నాడు. అందరికన్నా ముందు అక్కే పకపకా నవ్వింది. ఆ నవ్వుల్లో సీటు ఖాయమైపోయింది.

క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. యంత్రాల పాఠం చెప్పే పెద్ద సారుకి ఆ సంగతి పట్టేది కాదు. "ఏమయ్యా, నువ్వు రా" అని మగపిల్లల్ని పిలిచినట్టే ఆవిణ్నీ పిలిచేవాడు. ఓ రోజు అలాగే పిలిచి పెద్ద స్విచ్చి పిడి ఆవిడ చేతికిచ్చాడు. ఆ పిడి పైకి వేసిన క్షణం నుంచి లెక్కల మీది బెంగ ఎటు పోయిందో ఆవిడకే తెలియదు. చదువయ్యాక అదే కాలేజీలో, అదే ల్యాబులో పాఠం చెప్పటానికి చేరింది.

చాలా ఏళ్లు బాగానే గడిచాయి. తరవాత గాలి మారింది. ఆ కాలేజీలో మొదటి ఏడాది అందరికీ ఒకటే చదువు, ఆ పైన ఎవరి బ్రాంచి వాళ్లు ఎంచుకోవాలి. పిల్లలంతా కంప్యూటర్ల వైపు వెళ్లిపోసాగారు. పవర్ బ్రాంచిలో వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి, తరవాత మధ్య బెంచీలు. చివరికి ముందు బెంచీలో కూడా జరిగి కూర్చోవలసిన అవసరం లేకుండా పోయింది.

ఒక వేసవి మొదట్లో ప్రిన్సిపాల్ ఆవిణ్ని గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. చెప్పటానికి ఇబ్బంది పడుతూ బల్ల మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ జరిపాడు.

"మేడమ్, ఈసారి కూడా సరిపడా మంది చేరకపోతే బ్రాంచి మూసేద్దామంటోంది మేనేజిమెంటు. ఆ ల్యాబులో కంప్యూటర్లు పెట్టుకోవచ్చని వాళ్ల ఆలోచన."

"మరి యంత్రాలు?"

"ఎవరైనా పాత ఇనుము కింద..." అని ఆగిపోయాడు.

ఆవిడ లేచి వచ్చేసింది. ఆ సాయంత్రం షాపులో స్టూలు మీద కూర్చుని భర్తకి చెప్పింది. ఆయన దగ్గు మందు సీసాలు సర్దుతూ, "అయితే నువ్వే వెళ్లి పిల్లల్ని పిలువు. కొట్లో కూర్చున్నవాడు పిలవకపోతే వీధిలో పోయేవాడికేం తెలుస్తుంది?" అన్నాడు.

సరేనని పిలిచింది. సెమినార్ హాల్లో మొదటి ఏడాది పిల్లలందరికీ ఉపన్యాసం పెట్టించింది. దేశాలకి ఎంత విద్యుత్తు కావాలో, ఎండనుంచీ గాలినుంచీ ఎలా తీస్తారో, ఎంతమంది ఇంజనీర్ల కొరత రాబోతుందో తెర మీద బొమ్మలేసి చూపించింది. గొంతు పోయేలా చెప్పింది. వెనక వరసల్లో తలలన్నీ ఫోన్ల మీదికి వంగి ఉన్నాయి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే ఒకడు లేచి, "ప్యాకేజీ ఎంతొస్తుంది మేడమ్?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కూర్చున్నాడు.

"ఎంతమంది వచ్చారు?" అని రాత్రి అన్నం దగ్గర భర్త అడిగితే, "బిస్కెట్లు అయిపోయేంత మంది" అంది. ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

ఆ తరవాత జరిగినదాంట్లో ఆవిడ తెలివేమీ లేదు. ల్యాబులో ఫ్యాను పాడైంది, అంతే. ఉక్కపోత భరించలేక ఫ్యూజుల బాబాయి వరండా వైపు తలుపులు రెండూ బార్లా తీశాడు. ఆ వరండా మొదటి ఏడాది పిల్లలు క్యాంటీనుకి వెళ్లే దారి. లోపల ఆవిడ ఓ యంత్రాన్ని నడిపి చూసుకుంటోంది. తలుపు దగ్గర ఓ అమ్మాయి ఆగింది. భుజానికి సంచి, చేతిలో సగం తిన్న జామకాయ.

"మేడమ్, అది ఎందుకలా పాడుతోంది?"

ఇన్నేళ్లలో ఎవరూ ఆ మాట వాడలేదు. గోల అన్నారు, మోత అన్నారు. పాట అన్నవాళ్లు లేరు.

"లోపలికి రా. చెప్పులు తియ్యకు, కరెంటు దగ్గర కాళ్లకి ఉండాలి. ఆ జామకాయ మాత్రం బయట పెట్టు."

అమ్మాయి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఎందుకు, ఎందుకు అని ఒకటే ప్రశ్న. తరవాత్తరవాత బాబాయి ఆ పిల్లకి ‘ఎందుకమ్మాయి’ అనే పేరే పెట్టాడు. మోటారు మేడమ్ ఆమెని స్విచ్చి బోర్డు ముందు నిలబెట్టి, అక్కడ వెలుగుతున్న మూడు బల్బుల్ని చూపించింది.

"ఇటు మన యంత్రం కరెంటు పుట్టిస్తోంది. అటు ఊరి కరెంటు వస్తోంది. రెండింటినీ కలపాలి. రెండూ ఒకే అడుగు వేస్తున్నాయో లేదో ఈ బల్బులు చెబుతాయి. చూడు."

మూడు బల్బులూ ఒకేసారి వెలిగి, ఒకేసారి మసకబారి, ఆరిపోయి, మళ్లీ వెలుగుతున్నాయి. మేడమ్ యంత్రం వేగాన్ని చేత్తో కాస్త కాస్త సర్దుతుంటే ఆ వెలగటం ఆరటం నెమ్మదించింది. నిద్రపోతున్న పిల్ల రొమ్ము పైకీ కిందికీ కదిలినంత నెమ్మదికి వచ్చింది.

"పూర్తిగా చీకటైనప్పుడు స్విచ్చి వెయ్యి. తొందరపడకు. భయపడి ఆలస్యమూ చెయ్యకు."

అమ్మాయి ఊపిరి బిగబట్టి, తొందరపడే వేసింది. ధన్‌మని నేల అదిరింది. ఫ్యూజు పోయింది. మూలనుంచి బాబాయి "అయ్యో, అయ్యో" అన్నాడు.

"పాడు చేశానా మేడమ్?" అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"యంత్రానికేం కాలేదమ్మా. పోవటానికే ఫ్యూజు పెట్టుకున్నాం. బాబాయీ, ఇంకో తీగ!"

"నా దగ్గరేమన్నా తీగల చెట్టుందా?" అని సణుగుతూనే ఆయన కొత్తది వేశాడు.

రెండోసారి అమ్మాయి చాలాసేపు చూసింది. వెలుగు వచ్చి పోయింది. మళ్లీ వచ్చి పోయింది. మూడు బల్బులూ నల్లబడగానే పిడి పైకి నెట్టింది. ఏ చప్పుడూ లేదు. యంత్రం పాట మాత్రం కుదుటపడి ఒకే గొంతుగా నిలిచింది.

"ఏమైంది మేడమ్?"

"కలిసిపోయింది. ఎక్కడో కొండల్లో నీళ్ల మీద తిరిగేవి, బొగ్గు మీద తిరిగేవి, పెద్ద పెద్ద యంత్రాలున్నాయే, వాటన్నిటితో కలిసి ఇప్పుడిది ఒకే అడుగు వేస్తోంది. వాటి వరసలో దీన్ని నిలబెట్టింది నువ్వే."

అమ్మాయి తన అరచేతి వంక చూసుకుంది. పెద్ద సారు తన చేతికి పిడి ఇచ్చిన నాడు తానూ అలాగే చూసుకున్న సంగతి మేడమ్‌కి గుర్తొచ్చింది. నీళ్లు తాగాలన్న సాకుతో వరండాలోకి వెళ్లింది.

మర్నాడు ఎందుకమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లని లాక్కొచ్చింది. వాళ్లు హాస్టల్లో చెప్పారు. వారం తిరిగేసరికి క్లాసులయ్యాక ల్యాబు ముందు గుంపు చేరటం మొదలైంది. ఫ్యాను బాగయినా తలుపులు మూయలేదు. ఎవరి చేత్తో వాళ్లు స్విచ్చి వెయ్యాలి, అదొక్కటే నియమం. తప్పు వేసినవాణ్ని మిగతావాళ్లు ఆట పట్టించేవాళ్లు, సరిగ్గా వేసినవాడు రెండు రోజులు కాలరెగరేసుకుని తిరిగేవాడు. ఫ్యూజుల బాబాయి రోజూ తిట్టేవాడు. ఎవరూ రాని రోజున మాత్రం తలుపు దగ్గర నిలబడి, "ఏమయ్యారివాళ?" అని అటూ ఇటూ చూసేవాడు.

ప్రిన్సిపాల్ ఓసారి వచ్చి, "ఇది ల్యాబా, సంతా మేడమ్?" అన్నాడు. ఆయన భయం ఆయనది, కరెంటుతో ఆటలు కాదుగా. ఆవిడ అప్పటికప్పుడే నేలంతా రబ్బరు చాపలు వేయించి, ఒక్కొక్కరే రావాలని గీత గీయించింది. ఆయన వెళ్లబోతూ ఆ బల్బుల వంక చూసి, "నేనూ ఒకసారి వెయ్యొచ్చా?" అన్నాడు. తప్పే వేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

బ్రాంచిలు ఎంచుకునే రోజులొచ్చాయి. అప్పుడే ఎందుకమ్మాయి తండ్రి కాలేజీకొచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి, ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మాయి మీ బ్రాంచి తీసుకుంటానని మొండికేస్తోంది మేడమ్. మీమీద కోపం లేదు. ఇంట్లో మీ మాటే ఎప్పుడూ. కానీ నేను ఎండలో, పొగలో బతికినవాణ్ని. స్టీరింగు తిప్పీ తిప్పీ భుజాలు అరిగిపోయాయి. నా కూతురు చల్లగా గదిలో కూర్చుని పని చేసుకోవాలి. చెప్పండి, కంప్యూటర్లు చదివినంత తేలిగ్గా దీంట్లో ఉద్యోగం వస్తుందా?"

అబద్ధం చెప్పొచ్చు. లేదా సగం నిజం చెప్పొచ్చు. ఆవిడ ఆయన భుజాల వంకే చూసింది.

"వస్తుందండీ. కానీ అంత త్వరగా రాకపోవచ్చు. మొదట్లో ఎండలో తిరగాల్సి కూడా రావచ్చు."

ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. పవర్ బ్రాంచి నిండింది. ముందు బెంచీలు, మధ్య బెంచీలు, వెనక బెంచీల్లో కూడా సగం. ప్రిన్సిపాల్ పరుగున వచ్చి చేతులు పట్టుకుని ఊపేశాడు. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఎందుకమ్మాయి పేరు మాత్రం కంప్యూటర్ల జాబితాలో ఉంది.

ఆ రాత్రి ఆవిడ అన్నం కెలుకుతూ కూర్చుంది. "గెలిచావు కదే, ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు భర్త.

"అందర్నీ తెచ్చింది ఆ పిల్ల. అదే లేదు" అంది.

ఆ పిల్ల చాన్నాళ్లు ల్యాబు వైపు రాలేదు. క్యాంటీనుకి వేరే మెట్ల మీంచి చుట్టు తిరిగి వెళుతోందని బాబాయి కనిపెట్టాడు. ఓ మధ్యాహ్నం ఆవిడే వెళ్లి ఆ మెట్ల కింద నిలబడింది. అమ్మాయి చూసి ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

"నాన్న మాట కాదనలేకపోయాను మేడమ్. మీకు మొహం చూపించలేక..."

"పిచ్చిపిల్లా, నాన్న మాట విన్నందుకు నేను కోప్పడతానా? చదువు మారితే తలుపు మూసేస్తామా? సాయంత్రం రా. బాబాయి నిన్ను తిట్టక నోరు ఎండిపోయి ఉన్నాడు."

వచ్చింది. కంప్యూటర్లు చదువుతూనే చదువు పూర్తయ్యేదాకా వస్తూనే ఉంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు కింద, రేపు ఊరికి ఏ గంటలో ఎంత కరెంటు కావాలో ముందుగా అంచనా కట్టే ప్రోగ్రాము రాసుకుంది. కావలసిన సంగతులు మోటారు మేడమ్ చెప్పింది. ఆ ప్రోగ్రాములు తనకి అర్థమయ్యేవి కావు గానీ, ఆ పిల్ల అడిగే ఎందుకులు మాత్రం బాగా అర్థమయ్యేవి.

తరవాత బ్రాంచి ఊపిరి పీల్చుకుంటూ నడిచింది. ఓ ఏడు నిండేది, ఓ ఏడు తగ్గేది, మూత మాట మాత్రం మళ్లీ రాలేదు. ఫ్యూజుల బాబాయి రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లి, అక్కడే పోయాడు. సోలార్ పలకలూ బ్యాటరీలూ వచ్చాయి, కొత్త భవనం వచ్చింది. పాత యంత్రాల్లో ఒకదానికి మెరిసే రంగు వేసి కాలేజీ గేటు దగ్గర బొమ్మలా నిలబెట్టారు. ఆవిడ రిటైరయ్యే రోజున దాని పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. నవ్వింది గానీ మనసొప్పలేదు. తిరగని యంత్రాన్ని చూస్తే మాట పడిపోయిన చుట్టాన్ని చూసినట్టుంటుంది ఆవిడకి.

రిటైరైన మరుసటేడు ఎందుకమ్మాయి ఇంటికొచ్చి, కారెక్కించుకుని తన ఆఫీసుకి తీసుకెళ్లింది. రాష్ట్రమంతటికీ ఎక్కడ ఎంత కరెంటు పంపాలో చూసుకునే కేంద్రం అది. ఆ అంచనా ప్రోగ్రామే ఆమెని అక్కడికి చేర్చింది. గోడంతా తెర. తెర మీద లైన్లు, అంకెలు. బల్లల ముందున్నవాళ్లలో ఒకడు గబుక్కున లేచి నిలబడ్డాడు. మొదటి గుంపులో వచ్చి, రెండు రోజులు కాలరెగరేసుకు తిరిగినవాడు. జుట్టు పలచబడింది.

"మేడమ్, ఇప్పుడు చూడండి" అంది ఎందుకమ్మాయి.

బయట పొద్దు గూకుతోంది. తెర మీద ఓ గీత మెల్లగా పైకి లేవటం మొదలైంది. ఇళ్లల్లో దీపాలు వెలుగుతున్నాయి, పొయ్యిల దగ్గర మిక్సీలు తిరుగుతున్నాయి, పిల్లలు పుస్తకాల ముందు కూర్చుంటున్నారు. ఆ గీతని అందుకోవటానికి ఎక్కడో కొండల్లో నీళ్లు వదులుతున్నారు. ఎవరూ కేకలు వెయ్యటం లేదు. ఒకరు ఫోన్లో నెమ్మదిగా ఏదో చెబుతున్నారు.

"ఎందుకలా ఒక్కసారి పెరిగింది?" అని అడిగింది మోటారు మేడమ్, తెర మీద వేలు పెట్టి చూపిస్తూ.

అమ్మాయి కుర్చీ దగ్గరికి జరిపి కూర్చోబెట్టి, విడమరిచి చెప్పటం మొదలుపెట్టింది. ఆవిడ బుగ్గకి చెయ్యి ఆనించుకుని వింది. టీ వచ్చింది, చల్లారింది. మందుల షాపు నుంచి ఫోను వస్తే, "కాస్సేపాగి వస్తానండీ, ఇంకా పాఠం అవలేదు" అని పెట్టేసింది.